బృంద రైలు టికెట్టు

బృంద రైలు టికెట్టు అనగా ఒకే రైలులో, ఒకే గమ్యస్థానానికి కలిసి ప్రయాణించే పలువురి కొరకు ఒకేసారి తీసుకునే టికెట్టు. పెళ్ళి బృందాలు, విద్యార్థుల విహార యాత్రలు, తీర్థయాత్రికులు, శిక్షణకు వెళ్ళే రైతులు ఇటువంటి టికెట్లను ఎక్కువగా వాడుతుంటారు. ఎక్కువ మంది కలిసి కొన్నంత మాత్రాన భారతీయ రైల్వేలలో సాధారణ టికెట్టు ధర తగ్గదు. రాయితీ అనేది ప్రయాణికుల వర్గమును, ప్రయాణ ప్రయోజనమును బట్టి లభిస్తుంది. టికెట్టు చెల్లుబాటు మాత్రం తేదీ, రైలు, పేర్లు, దూరము అను వాటిపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండు విషయాలను ఒకటిగా భావించుట వలననే పెక్కు చిక్కులు కలుగుచున్నవి.

ప్రాంతీయ నేపథ్యం

నిజామాబాదు రైల్వే స్టేషను దక్షిణ మధ్య రైల్వేలోని సికింద్రాబాదు - మన్మాడ్ మార్గంలో ఉన్నది. ఈ మార్గంలోని జానకంపేట నుండి బోధన్‌కు ఒక శాఖా మార్గము కలదు. చందూర్, వర్ని పరిసర గ్రామాల వారు దూర ప్రయాణాలకు సాధారణంగా నిజామాబాదు చేరుకొని రైలు ఎక్కుతారు. బోధన్ ప్రాంతము నిజాం చక్కెర కర్మాగారము వలన చెరకు సాగుకు ప్రసిద్ధి చెందినది. ఈ కర్మాగారము 2015లో మూతపడినది.

రాయితీలు

చెరకు రైతులకు ఉపయోగపడే రాయితీలు రైల్వే పట్టికలో చాలాకాలం ఉండేవి. వ్యవసాయ, పారిశ్రామిక ప్రదర్శనలకు వెళ్ళే రైతులకు 25 శాతము, ప్రభుత్వము ఏర్పాటు చేసిన ప్రత్యేక రైళ్ళలో వెళ్ళేవారికి 33 శాతము, మెరుగైన సాగు పద్ధతులు నేర్చుకొనుటకు జాతీయ స్థాయి సంస్థలకు వెళ్ళే రైతులకు 50 శాతము తగ్గింపు రెండవ తరగతి, స్లీపర్ తరగతులలో లభించేది. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ, లక్నోలోని భారతీయ చెరకు పరిశోధన సంస్థ జాతీయ స్థాయి సంస్థలకు ఉదాహరణలు.

కోవిడ్ వ్యాప్తి నేపథ్యంలో 2020 మార్చి 20 నుండి రైల్వే శాఖ చాలా రాయితీలను నిలిపివేసినది. విద్యార్థులు, కొన్ని వర్గాల రోగులు, దివ్యాంగుల రాయితీలను మాత్రము కొనసాగించినది. కావున పాత పుస్తకాలలోని రాయితీ పట్టికలను చూసి ప్రయాణ ఖర్చును అంచనా వేయరాదు.

విద్యా యాత్రకు వెళ్ళే విద్యార్థులకు రెండవ తరగతి, స్లీపర్ తరగతులలో 50 శాతము, షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు 75 శాతము రాయితీ కలదు. గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల విజ్ఞాన యాత్రకు ఏడాదికి ఒకసారి రెండవ తరగతిలో 75 శాతము లభిస్తుంది. ఇందుకు విద్యాసంస్థ అధిపతి ధ్రువపత్రము అవసరము. రాయితీ మూల ఛార్జీకే వర్తిస్తుంది, రిజర్వేషను వంటి అదనపు రుసుములకు వర్తించదు. రైలు ఎక్కిన తరువాత రాయితీ ఇవ్వరు. ఒకే ప్రయాణానికి రెండు రాయితీలు పొందరాదు.

చెల్లుబాటు నియమాలు

రిజర్వు చేసిన టికెట్టు అందులో పేర్కొన్న రైలుకు, తేదీకి మాత్రమే చెల్లుతుంది. రిజర్వేషను లేని టికెట్టు విషయము వేరు. 2016 మార్చి 1 నుండి అమలైన నియమము ప్రకారము 199 కిలోమీటర్ల లోపు ప్రయాణాన్ని టికెట్టు ఇచ్చిన 3 గంటలలోగా గాని, గమ్యస్థానానికి బయలుదేరే మొదటి రైలులో గాని, వీటిలో ఏది తరువాతిదైతే దాని ప్రకారము ప్రారంభించవలెను. నిజామాబాదు నుండి సికింద్రాబాదుకు దూరము ఈ పరిమితిలోనే ఉన్నది. కనుక బృందము కొరకు ఉదయమే టికెట్టు కొని సాయంత్రము బయలుదేరుట సాధారణంగా చెల్లదు. 200 కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి 3 రోజుల ముందుగా టికెట్టు కొనవచ్చును.

మధ్యలో దిగి మరల ప్రయాణించుటకు 500 కిలోమీటర్లు మించిన టికెట్టుపై ఒకసారి, 1000 కిలోమీటర్లు మించినచో రెండుసార్లు అనుమతి కలదు. అయితే మొదటి విరామము బయలుదేరిన స్టేషను నుండి 500 కిలోమీటర్లు ప్రయాణించిన తరువాతనే తీసుకోవలెను. నిజామాబాదు నుండి తిరుపతికి దూరము 500 కిలోమీటర్లు మించినప్పటికీ, ఆ టికెట్టుపై సికింద్రాబాదులో దిగి బంధువుల ఇంట ఉండి మరునాడు బయలుదేరుటకు వీలులేదు. విరామము తీసుకొనేవారు ఆ స్టేషనులో టికెట్టుపై నమోదు చేయించుకోవలెను.

పేర్ల మార్పు

ఒక దరఖాస్తు ఫారముపై సాధారణంగా 6గురికి మాత్రమే రిజర్వేషను ఇస్తారు. పెద్ద బృందాలు రైల్వే అధికారుల అనుమతి పొందవలెను. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గినది. కావున పెళ్ళి ముహూర్తము ఎంత ముందుగా నిశ్చయమైనను టికెట్లు ఆ గడువులోపలే దొరుకుతాయి.

టికెట్టును స్నేహితునికి ఇచ్చుటకు వీలులేదు. తల్లి, తండ్రి, సోదరులు, సోదరీమణులు, కొడుకు, కూతురు, భార్య, భర్త పేరిట మార్చుటకు రైలు బయలుదేరుటకు 24 గంటల ముందు దరఖాస్తు చేయవలెను. విద్యార్థుల బృందానికి విద్యాసంస్థ అధిపతి, పెళ్ళి బృందానికి ఆ బృంద పెద్ద 48 గంటల ముందు దరఖాస్తు చేయవలెను. బృందములో 10 శాతమునకు మించి పేర్లు మార్చరు. అనగా 40 మంది పెళ్ళి బృందములో 4 పేర్లు మాత్రమే మారును. ఈ సౌకర్యము ఒకసారి మాత్రమే లభిస్తుంది.

ఒకే పీఎన్ఆర్ గల టికెట్టుకు ఎక్కు స్టేషను ఒకటే ఉంటుంది. కొందరు నిజామాబాదులో, మరికొందరు కామారెడ్డిలో ఎక్కదలచినచో వేర్వేరు టికెట్లు తీసుకొనుట మంచిది. లేనిచో నిజామాబాదులో కనబడని వారి బెర్తులు ఇతరులకు కేటాయింపబడవచ్చును.

టికెట్టు రద్దు

2015 నవంబరు 12 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారము, ఒకే టికెట్టుపై కొందరికి బెర్తు ఖరారై మరికొందరు ఆర్ఏసీలో గాని, నిరీక్షణ జాబితాలో గాని మిగిలినచో, రైలు బయలుదేరుటకు 30 నిమిషాల ముందు మొత్తము టికెట్టును రద్దు చేసిన యెడల ఖరారైన వారికి కూడా గుమాస్తా రుసుము మినహాయించి సొమ్ము తిరిగి ఇస్తారు. బృందము విడిపోకుండా ప్రయాణము మానుకొనుటకు ఈ నియమము తోడ్పడుతుంది. బృందములో కొందరు రానిచో, తక్కువ మంది ప్రయాణించినట్లు టీటీఈ వద్ద ధ్రువపత్రము తీసుకోవలెను. రిజర్వు టికెట్టుపై ప్రయాణించేవారిలో కనీసము ఒకరి వద్ద అసలు గుర్తింపు కార్డు ఉండవలెను.