మట్టికోటను చుట్టిన బానిస సేనలు

ఖిలా వరంగల్‌లో ఇల్లెక్కడ అంటే ఇప్పటికీ తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అనే చెబుతారు. ‘ఖిలా’ అన్న మాట దిల్లీ సైన్యాల వెంట దక్షిణానికి వచ్చింది. ఆ మాటతో పాటు ఇంకొకటి కూడా ఈ గోడల దాకా వచ్చింది: కొన్న మనుషులతో, పట్టి తెచ్చిన మనుషులతో రాజ్యం నడిపే పద్ధతి.

కాకతీయ గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి ఎత్తు పెంచింది. దానికి బయట అగడ్తతో మట్టికోట. ఆ మట్టిగోడ ఎంత గట్టిదంటే, మంజనీకు అనే యంత్రాలు విసిరిన రాళ్లు తగిలి వెనక్కి ఎగిరిపడేవని దిల్లీ సుల్తాన్ అల్లావుద్దీన్ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువు గోడను శత్రుపక్షపు కవి మెచ్చుకోవడం అరుదు.

1303లో బెంగాలు దారిన వచ్చిన దిల్లీ సేన ఓడి వెళ్లింది. 1309 చివర బయలుదేరిన సేనకు నాయకుడు మాలిక్ కాఫూర్. గుజరాత్ దండయాత్రలో ఖంభాత్ రేవులో పట్టుబడిన బానిస అతను. వెయ్యి దీనార్ల ధర పలికాడని ‘హజార్ దీనారీ’ అనే పేరుండేది. 1310 ఆరంభంలో కాఫూర్ సేన అగడ్త పూడ్చి మట్టికోట దాటింది. అప్పుడు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు వేయించి పంపాడు. లొంగిపోతున్నానని చెప్పడానికి రాజు తన బొమ్మకు గొలుసు వేయించుకున్నాడు, అందుకున్నవాడు నిజంగానే అమ్ముడుపోయిన మనిషి. ఓరుగల్లు చరిత్రలో నన్ను అన్నిటికన్నా వెంటాడే దృశ్యం ఇది.

సుల్తాన్లు బానిసలను ఎందుకు సేనానులను చేశారు? వాళ్లకు ఊరు లేదు, కులం లేదు, వెనక బంధుబలగం లేదు. అన్నం పెట్టిన యజమానికే కట్టుబడి ఉంటారని నమ్మకం. రాజ్యం చిన్నదిగా ఉన్నంతకాలం ఆ నమ్మకం సాగింది. గెలిచిన నేల పెరిగే కొద్దీ దూరదేశాల్లో సైన్యమూ, సొమ్మూ బానిస సేనాని చేతికే వచ్చాయి. దిల్లీలోని పాత అమీరులకు అది కంటగింపయింది. 1316లో అల్లావుద్దీన్ చనిపోగానే కాఫూర్ పసివాణ్ని గద్దె మీద కూర్చోబెట్టి తానే ఏలబోయాడు. నెల తిరిగేసరికి అంగరక్షకులు చంపేశారు.

1318లో ఓరుగల్లు మీదికి వచ్చిన ఖుస్రో ఖాన్ కూడా బానిసే, మాళవలో దొరికినవాడు. కప్పం పట్టుకుని వెళ్లాడు. రెండేళ్లకు, 1320లో, తన సుల్తాన్‌నే చంపించి గద్దెనెక్కాడు. కొద్ది నెలల్లోనే గాజీ మాలిక్ అతన్ని చంపి తుగ్లక్ వంశాన్ని నిలిపాడు. మన కోటను ముట్టడించిన ఇద్దరు బానిస సేనానులూ దిల్లీ గద్దె కోసమే ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీన్ని కాకతాళీయం అనుకోలేను. దక్షిణపు గెలుపే వాళ్లకు గద్దె మీద కన్ను పడేంత బలమిచ్చింది.

1323లో గాజీ మాలిక్ కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. బందీగా దిల్లీకి తరలిస్తుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస శాసనం చెబుతోంది. ఆయన కొలువులోని ఒక తెలుగు నాయకుడు మాత్రం దిల్లీ చేరి, మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. కవి మారన మార్కండేయ పురాణాన్ని అంకితం పుచ్చుకున్న గన్నమ నాయకుడే ఇతనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఓరుగల్లుకే పాలకుడిగా వచ్చి, ముసునూరి కాపయ నాయకుడి తిరుగుబాటుతో వెళ్లిపోయాడు. తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ బిరుదు పొందాక కూడా అతని పేరు వెంట ‘తిలంగానీ’ ఉండిపోయింది.

ఆ ఫిరోజ్ కాలంలోనే బానిసల సంఖ్య విపరీతమైంది. అల్లావుద్దీన్‌కు 50,000 మంది ఉంటే ఫిరోజ్‌కు 1,80,000 మంది అని చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. వాళ్లలో 12,000 మంది చేతిపనివాళ్లు. బానిసల కోసమే వేరే దివాణం ఉండేది. దండయాత్రకు వెళ్లే అమీరులు బానిసలను పట్టి పంపితే, ఆ విలువను వాళ్లు కట్టాల్సిన పైకంలో తగ్గించేవారు. మనిషి శిస్తుకు బదులయ్యాడన్న మాట.

1387లో తండ్రి తర్వాత వజీరైన మక్బూల్ కొడుకు జూనా షాకూ, ఫిరోజ్ కొడుకైన రాజకుమారుడు ముహమ్మద్‌కూ పోరు ముదిరి వజీరు హతమయ్యాడు. వెంటనే ఫిరోజ్ బానిసలు ఆ రాజకుమారుడి మీదే తిరగబడి దిల్లీ వీధుల్లో పోరాడారు. ముసలి సుల్తాన్‌ను బయటికి తెచ్చి నిలబెట్టగానే ఎదుటి సైన్యం కరిగిపోయింది. 1388లో ఫిరోజ్ పోయాక ఎవరు సుల్తానో వాళ్లే తేల్చసాగారు. రెండేళ్లకు ముహమ్మద్ గద్దెనెక్కి వాళ్లను నగరం నుంచి వెళ్లగొట్టాడు. దాక్కున్నవాళ్లను పట్టుకోవడానికి ఒక మాట పలకమని, తేడాగా పలికినవాళ్లను చంపించాడట. యాస ప్రాణం తీసింది.

గెలిచిన నేలతో పాటు బానిసల చుట్టూ తగాదా పెరగడం దిల్లీకే పరిమితం కాదు. అమెరికాలోనూ కొత్త నేల కలిసినప్పుడల్లా బానిసత్వం మీద తగాదా పెరిగింది. మెక్సికో నుంచి 1848లో వచ్చిన భూములు, 1854లో కాన్సాస్, చివరికి 1861లో అంతర్యుద్ధం. అయితే అక్కడ మనిషిని అమ్మడం తప్పు అని గట్టిగా నిలబడినవాళ్లున్నారు. దిల్లీ దర్బారులో తగాదా అంతా బానిసలు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే. బానిసత్వమే వద్దన్న పక్షం అక్కడ లేదు.

కాఫూర్ పేరు మిగిలింది, మక్బూల్ పేరు మిగిలింది. లెక్కల్లో తప్ప మిగలని లక్షా ఎనభై వేల మందిలో ఎవరి తల్లి ఏ ఊళ్లో ఎదురుచూసిందో ఏ శాసనమూ చెప్పదు. మధ్యకోటలో కీర్తితోరణాలు చూసేవాళ్లు పక్కనే ఉన్న ఖుష్ మహల్ లోపలికీ వెళ్లండి. ఏటవాలు గోడలతో తుగ్లకుల కట్టడపు తీరు కనిపిస్తుంది. దిల్లీ వెళ్తే నిజాముద్దీన్ బస్తీలో ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ సమాధి చూడండి. ఎనిమిది పలకల సమాధి దిల్లీలో కట్టడం దానితోనే మొదలైంది. ఓరుగల్లు నుంచి వెళ్లిన మనిషి అక్కడ ఉన్నాడు.