తెలుగు గడ్డపై ఫాస్ట్ బౌలర్లు: కాలాల మధ్య పోలిక

వేర్వేరు కాలాల ఫాస్ట్ బౌలర్లలో ఎవరు మేటి అన్న వాదన క్రికెట్‌లో స్పీడ్ గన్ కంటే, ర్యాంకింగ్‌ల కంటే పాతది. వికెట్లు, సగటు, స్ట్రైక్‌రేట్, వేగం అన్నవి ఇందులో వాడుకలో ఉన్న కొలమానాలు. పిచ్, బంతి, నిబంధనలు మారినప్పుడల్లా ఈ కొలమానాల విలువా మారుతూ వచ్చింది. తెలుగు ప్రాంతం ప్రపంచానికి ఫాస్ట్ బౌలర్లను అందించింది తక్కువే. కానీ హైదరాబాద్, విశాఖపట్నం మైదానాలు రకరకాల తరాల పేసర్లను చూశాయి. పోలికకు ఆధారాలు కావాలంటే అక్కడ బాగానే దొరుకుతాయి.

భారత క్రికెట్‌లో ఈ చరిత్ర 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. దేశపు తొలి టెస్టుకు కెప్టెన్ నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె.నాయుడు. కొత్త బంతి ఆయన మహమ్మద్ నిసార్‌కు ఇచ్చారు. ఇంగ్లండ్ ఓపెనర్లు హోమ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరినీ నిసార్ బౌల్డ్ చేసి, ఇన్నింగ్స్‌లో 93 పరుగులకు 5 వికెట్లు తీశాడు. అతను ఆడింది మొత్తం 6 టెస్టులు, తీసింది 25 వికెట్లు. అతని వేగాన్ని కొలిచిన యంత్రం లేదు, చూసినవాళ్ల మాట తప్ప.

అంకెలతో పోల్చేవాళ్లు మొదట చూసేది సగటు. 1901 నుంచి 1914 వరకు ఆడిన ఇంగ్లండ్ బౌలర్ సిడ్నీ బార్న్స్ 27 టెస్టుల్లో 189 వికెట్లు తీశాడు, సగటు 16.43. 1913-14లో దక్షిణాఫ్రికాలో మ్యాటింగ్ పిచ్‌ల మీద నాలుగే టెస్టుల్లో 49 వికెట్లు పడగొట్టాడు. అతన్ని అచ్చమైన ఫాస్ట్ బౌలర్ అనవచ్చా అన్నది మరో తగువు. మాల్కం మార్షల్ 376 వికెట్లు 20.94 సగటుతో, ఆంబ్రోస్ 405 వికెట్లు 20.99తో, మెక్‌గ్రాత్ 563 వికెట్లు 21.64తో తీశారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో జస్‌ప్రీత్ బుమ్రా తన 200వ టెస్టు వికెట్ తీసినప్పుడు అతని సగటు 20 లోపే ఉంది. 200 వికెట్లు దాటినవాళ్లలో అంతకు ముందు ఇంకెవరికీ ఇది సాధ్యపడలేదు. బార్న్స్ కాలంలో పిచ్‌కు వానలో కప్పు లేదు. బుమ్రా కాలంలో బ్యాట్లు మందం, బౌండరీలు దగ్గర. 16.43 పక్కన 20 రాసి తేడా తీసేస్తే సరిపోదు.

వేగం లెక్కా అంతే చిక్కు. 1970ల మధ్యలో పెర్త్‌లో కెమెరాలతో కొలిచినప్పుడు జెఫ్ థామ్సన్ బంతి గంటకు 160 కిలోమీటర్లు దాటింది. 1979లో జరిగిన ప్రత్యేక పోటీలో అతనే 147.9 కిలోమీటర్లతో మొదటి స్థానంలో నిలిచాడు. మైకేల్ హోల్డింగ్, ఇమ్రాన్ ఖాన్ అతని వెనకే. 2003 ఫిబ్రవరి 22న కేప్‌టౌన్‌లో షోయబ్ అక్తర్ 161.3 కిలోమీటర్లు నమోదు చేశాడు. బంతి చేతిని వదిలిన క్షణంలో కొలిచారా, దారి మధ్యలో కొలిచారా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాబట్టి థామ్సన్ కంటే అక్తర్ వేగమని ఒట్టేసి చెప్పేవాళ్లను కాస్త అనుమానంగానే చూడాలి.

నిబంధనలు ఇంకా ముఖ్యం. నోబాల్‌ను వెనక కాలు బట్టి తేల్చే పద్ధతి 1960ల్లో ముందు కాలికి మారింది. ఇంగ్లండ్ బౌలర్ ట్రూమన్ తరంలోని వాళ్లు కాలు ఈడ్చుకుంటూ ఎంత ముందుకు వచ్చి బంతి వదిలేవాళ్లో ఇప్పటివాళ్లు ఊహించలేరు. 1970ల చివర హెల్మెట్లు వచ్చాయి. 1990ల్లో ఓవర్‌కు ఇన్నే బౌన్సర్లని పరిమితి పెట్టారు. 2020 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో బంతికి ఉమ్మి రాయడం నిషేధం.

తెలుగు ప్రాంతంలో చాలాకాలం ఫాస్ట్ బౌలింగ్ రెండో రకం వృత్తి. స్పిన్ రాజ్యమేలిన 1960, 70ల్లో కొత్త బంతి ఇచ్చేదే దాని మెరుపు పోగొట్టడానికి అన్నట్టుండేది. హైదరాబాద్ ఆల్‌రౌండర్ సయ్యద్ ఆబిద్ అలీ ఆ పని చేస్తూనే 1967లో అడిలైడ్‌లో ఆడిన మొదటి టెస్టులో 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అయినా అతన్ని మీడియం పేసర్‌గానే గుర్తుపెట్టుకున్నారు. అదే ఊరి అసలైన ఫాస్ట్ బౌలర్ దేవరాజ్ గోవింద్‌రాజ్ కథ ఇంకో రకం. 1971లో వెస్టిండీస్, ఇంగ్లండ్ రెండు పర్యటనలకూ జట్టుతో వెళ్లాడు, ఒక్క టెస్టు కూడా ఆడకుండా తిరిగొచ్చాడు. ఏ సగటూ లేని బౌలర్‌ను ఎవరితో పోలుస్తాం?

అసలు వేగం ఎలా ఉంటుందో చూపించడానికి భారత క్రికెట్ బోర్డు 1962-63లో నలుగురు వెస్టిండీస్ బౌలర్లను రప్పించింది. అందులో రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ వాటాకు వచ్చాడు. 13 టెస్టుల్లో 57 వికెట్లు తీసిన ఈ జమైకా బౌలర్‌ను 1958-59 భారత పర్యటనలోనే, బ్యాటర్ల మీదికి బీమర్లు వేస్తున్నాడని మధ్యలో ఇంటికి పంపేశారు. మళ్లీ టెస్టు ఆడనివ్వలేదు. ప్రమాదమని సాగనంపిన మనిషిని నాలుగేళ్లకు మన బ్యాటర్లకు పాఠాలు చెప్పమని పిలిపించుకోవడంలోని తమాషా అప్పటివాళ్లకు తట్టకుండా ఉండదు.

పచ్చిక ఉంటే ఏమవుతుందో హైదరాబాద్ 1969 అక్టోబరులో చూసింది. న్యూజిలాండ్‌తో టెస్టులో ఒక రోజు వానకు కొట్టుకుపోయింది. విశ్రాంతి రోజున కోయించాల్సిన గడ్డిని అంపైర్లు కోయించలేదు. మర్నాడు కోయిద్దామంటే నిబంధన ఒప్పుకోదని న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ అడ్డుచెప్పాడు. ఆ గడ్డి మీద డేల్ హ్యాడ్లీ 30 పరుగులకు 4 వికెట్లు తీశాడు, భారత్ 89కి కుప్పకూలింది. రెండో ఇన్నింగ్స్‌లో 76కి 7 వికెట్లు పోయిన దశలో వాన వచ్చి ఆదుకుంది. డేల్ హ్యాడ్లీని మహా బౌలర్ల జాబితాలో ఎవరూ చేర్చరు. 431 వికెట్ల రిచర్డ్ అతని తమ్ముడు.

గడ్డి లేకపోయినా పేసర్ ఏం చేయగలడో విశాఖ చెబుతుంది. అక్కడ పిచ్ నెమ్మది, బంతి తక్కువ లేస్తుంది. 2016 నవంబరులో జరిగిన మొదటి టెస్టులో మహమ్మద్ షమీ వేసిన బంతికి అలిస్టర్ కుక్ స్టంప్ రెండు ముక్కలైంది. అదే మ్యాచ్‌లో స్టువర్ట్ బ్రాడ్ వేగం తగ్గించి, కట్టర్లు వేసి 33 పరుగులకు 4 వికెట్లు తీశాడు. 2019లో దక్షిణాఫ్రికాపై మొదటి ఇన్నింగ్స్‌లో అశ్విన్ 7 వికెట్లు తీస్తే, చివరి ఇన్నింగ్స్‌లో షమీ 35 పరుగులకు 5 తీశాడు, అందులో ఎక్కువ మంది బౌల్డ్. 2023 మార్చి వన్డేలో మిచెల్ స్టార్క్ కొత్త బంతిని గాల్లోనే తిప్పి 5 వికెట్లు తీయడంతో భారత్ 117కే ఆలౌటైంది. 2024 ఫిబ్రవరిలో బుమ్రా రివర్స్ స్వింగ్‌తో 45 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అందులో ఒలీ పోప్‌కు వేసిన యార్కర్ లోపలికి వంగుతూ వచ్చి స్టంప్‌లను ఎగరగొట్టింది. మొత్తం మ్యాచ్‌లో 91కి 9 వికెట్లు. ఒకే మైదానం, నాలుగు వేర్వేరు ఆయుధాలు: సూటి వేగం, కట్టర్, కొత్త బంతి స్వింగ్, పాత బంతి రివర్స్. ఏది గొప్పదన్నది తేలకపోయినా, ఏది దేనికి సమాధానమో ఇక్కడ కనిపిస్తుంది. ఈ పద్ధతిలో పోల్చడం సగటుల పట్టిక కంటే నమ్మకమైన దారి.

ఇదే దారిలో ఒక్క బౌలర్‌నే పట్టుకుని చూస్తే మరింత స్పష్టంగా ఉంటుంది. 1994లో హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ సిరాజ్ ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో ఆట నేర్చినవాడు. 2024 జనవరి 3న కేప్‌టౌన్‌లో 9 ఓవర్లు వేసి 15 పరుగులకు 6 వికెట్లు తీశాడు, దక్షిణాఫ్రికా 55కి ఆలౌటైంది. అదే నెలలో సొంతూరు హైదరాబాద్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. రెండు ఇన్నింగ్స్‌ల్లో కలిపి అతనికి ఒక్క వికెట్ కూడా దక్కలేదు. మూడు వారాల తేడాలో అదే మనిషి, అదే చేయి, అదే రన్నప్. ఇంతకంటే పెద్ద ఎడం ఉన్న తరాలను ఒకే సగటుతో తూచేవాళ్లు ఈ రెండు స్కోర్‌కార్డులు పక్కపక్కన పెట్టుకోవాలి. అయితే హైదరాబాద్ పిచ్ పేసర్లకు శత్రువని తీర్మానించడమూ కుదరదు: 2018లో ఉమేశ్ యాదవ్ వెస్టిండీస్‌పై అక్కడే మ్యాచ్‌లో 10 వికెట్లు తీశాడు. స్వదేశంలో ఆ పని చేసిన భారత పేసర్లలో కపిల్ దేవ్, జవగళ్ శ్రీనాథ్‌ల తర్వాత అతను మూడోవాడు.

సిరాజ్ ఆట మొదలుపెట్టిన టెన్నిస్ బంతే కోనసీమలోనూ రాజ్యం చేస్తోంది. గౌతమి గోదావరి ఒడ్డున, కోటిపల్లి రేవుకు ఎదురుగా ఉన్న ముక్తేశ్వరం లాంటి ఊళ్లలో సంక్రాంతి రోజులంటే క్రికెట్ పోటీల రోజులు. టెన్నిస్ బంతి తేలిక, దానికి కుట్టు లేదు. లెదర్ బంతి చేసే విన్యాసాలు దాని దగ్గర నడవవు, బౌలర్‌కు మిగిలేది యార్కర్, నమ్మదగ్గ వేగం, కాలి మొదట్లో పడే గురి. లెదర్ బంతికి మారినప్పుడు కుట్టును నిలబెట్టి వదలడం కొత్తగా నేర్చుకోవాలి. సిరాజ్ విషయంలో ఆ మార్పు 2015 ప్రాంతంలో జరిగింది. 2016-17 రంజీలో 41 వికెట్లు రావడం, 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు తీసుకోవడం ఆ వెంటనే.

మహిళల క్రికెట్‌లో ఈ పోలిక ఇంకా మొదటి దశలోనే ఉంది. హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి 2018లో, ఆదోనికి చెందిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో అంతర్జాతీయ టీ20ల్లో అడుగుపెట్టారు. కాలాల మధ్య తూకం వేయడానికి వాళ్లకు ముందు తరం పేసర్లే తెలుగు ప్రాంతంలో కరువు.

వాదన 2025 ఆగస్టులో మళ్లీ రాజుకుంది. ఓవల్‌లో చివరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లున్నాయి. సిరాజ్ గస్ అట్కిన్‌సన్ ఆఫ్ స్టంప్‌ను యార్కర్‌తో పడగొట్టడంతో భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆ ఇన్నింగ్స్‌లో అతనికి 5 వికెట్లు, అయిదు టెస్టుల సిరీస్ మొత్తంలో 23 వికెట్లు, 185.3 ఓవర్లు. బుమ్రా ఆ సిరీస్‌లో మూడే టెస్టులు ఆడాడు. ఎన్ని ఓవర్లు మోశాడన్నది కూడా కొలమానాల్లో చేర్చాలనేవాళ్లకు అప్పటి నుంచి ఆ 185.3 అంకె చేతికి దొరికింది.