భిలాయిలో జెరేనియం: ఎండను తట్టుకుంటుంది, వానకే చస్తుంది

నవంబరులో నర్సరీ నుంచి తెచ్చిన జెరేనియం మార్చి దాకా ఎరుపు, గులాబీ, తెలుపు గుత్తులతో కళకళలాడుతుంది. జూలై వచ్చేసరికి కాండం అడుగు నల్లబడి, మెత్తబడి కూలిపోతుంది. భిలాయి టౌన్‌షిప్‌లో చాలామంది దీన్ని ఒక్క సీజన్ మొక్కగా లెక్కగట్టి ఏటా కొత్తది కొనడానికి కారణం ఇదే. నిజానికి ఇది ఏళ్ల తరబడి బతికే మొక్క.

కుండీల్లో పెంచే ఈ జెరేనియం అసలు పేరు పెలార్గోనియం. 1753లో లిన్నేయస్ దీన్ని జెరేనియం ప్రజాతిలో కలిపేశాడు. 1789లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త లెరిటియే విడదీశాడు కానీ, తోటమాలుల నోట పాత పేరే నిలిచిపోయింది. పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఈ ఊరికి ఇంజినీర్లను పంపిన రష్యాలో ఇది అతి మామూలు కిటికీ మొక్క.

పొడి నేలల నుంచి వచ్చింది కాబట్టి కాండంలో నీరు దాచుకుంటుంది. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజుల్లో పూలు ఆగిపోతాయి, ఆకులు పసుపెక్కుతాయి. మధ్యాహ్నం నీడ పట్టున ఉంచితే మొక్క మాత్రం మిగులుతుంది. అసలు గండం ఆ తర్వాతి నాలుగు నెలలది. తడిసిన మట్టి, ఉక్కపోత కలిస్తే వేరుకుళ్లు తప్పదు.

అందుకే మట్టి దగ్గరే సగం పని ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 'కన్హార్' అనే నల్లమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. వరికి అది వరం, జెరేనియంకు ఉరి. తోటమట్టి, ముతక ఇసుక, వర్మీకంపోస్ట్ సమపాళ్లలో కలిపి, అడుగున చిల్లు ఉన్న మట్టికుండీలో నింపాలి. ఉక్కు ఊళ్లో తేలిగ్గా దొరుకుతుంది కదా అని స్లాగ్ ముక్కలు కలపకూడదు. దానికి క్షారగుణం ఎక్కువ, ఈ మొక్కకు కాస్త ఆమ్లగుణం ఉన్న నేల కావాలి.

వేలు పెట్టి చూస్తే పైన అంగుళం మట్టి ఎండి ఉన్నప్పుడే నీళ్లు పోయాలి. రోజూ చెంబుడు పోసే అలవాటు తులసికి సరే, దీనికి కాదు. చలికాలంలో ఐదారు గంటల ఎండ పడాలి. యూరియా వేస్తే ఆకులు గుబురుగా వస్తాయి, పూలు రావు. వాడిన గుత్తిని కాడ మొదలు దాకా తుంచితేనే కొత్త మొగ్గలు వేస్తుంది. ఆకులపై దుమ్ము పేరుకుంటే పొద్దున్నే కడగాలి, సాయంత్రానికి తడి ఉండకూడదు. ఆకు అడుగున గోధుమరంగు వలయాలు కనిపిస్తే తుప్పు తెగులు. ఆ ఆకులు తుంచి పారేయడమే. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే అందకుండా ఉంచాలి, వాటికి ఇది విషం.

రీగల్ రకం జోలికి వెళ్లకపోవడం మంచిది. మొగ్గ తొడగడానికి దానికి వారాల తరబడి చల్లటి రాత్రులు కావాలి. ఆకుపై నల్లటి వలయం ఉండే జోనల్ రకమే ఇక్కడ నమ్మదగినది.

వానాకాలం దాటించే ఉపాయం సుగంధ తైలం కోసం జెరేనియం పండించే మైదానప్రాంత రైతుల దగ్గర ఉంది. లక్నోలోని సీమాప్ సంస్థ తల్లిమొక్కలను పాలిథీన్ కప్పు కింద కాపాడి, వాటి కొమ్మలతో చలికాలం పంట వేసే పద్ధతిని ప్రచారం చేసింది. ఇంట్లో వరండా చూరు ఆ పని చేస్తుంది. జూన్ మొదట్లో మొక్కను సగానికి కత్తిరించి, గాలి ఆడే చోట, జల్లు తగలకుండా పెట్టాలి. వారానికి ఒకసారి కొంచెం నీళ్లు చాలు.

అయినా ఒక్క మొక్కను నమ్ముకోకూడదు. ఫిబ్రవరిలో, మళ్లీ అక్టోబరులో నాలుగంగుళాల కొమ్మలు కోసి, కింది ఆకులు తీసి, కోసిన చోటు ఎండేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచాలి. తర్వాత తడి ఇసుకలో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. గులాబీ కొమ్మకు కప్పినట్టు ప్లాస్టిక్ సంచి కప్పితే కుళ్లుతుంది.

రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేవాళ్లకు పెరట్లో మామిడిచెట్టు వెంట రాదు. జెరేనియం వస్తుంది. కొమ్మలను పొడి న్యూస్‌పేపర్‌లో చుడితే రైల్లో ఒకటి రెండు రోజులు చెడవు. శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్లేవాళ్లు మాత్రం ఇసుక పాలు ఇంకాస్త పెంచాలి. అక్కడ గాలిలో తేమ ఎక్కువ.