జ్వరానికి ఓడిన వాల్వు

చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనకే కీళ్ళవాపు. అదే తగ్గుతుందిలే అనుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కీళ్ళజ్వరం గుండె వాల్వును ఎప్పుడో తినేసిందని అప్పుడు తెలుస్తుంది. మంచిర్యాల చుట్టూ పల్లెల్లో, బొగ్గుబావుల కాలనీల్లో ఈ బతుకు ఒకప్పుడు అక్కడితోనే ముగిసేది.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి చేసిన కృత్రిమ వాల్వు ఆ రాతను మార్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో అది పేదవాడి గుండెకూ చేరింది. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయి, ఎదమీద నిలువు కోతతో తిరిగొచ్చినవాళ్ళు మళ్ళీ డ్యూటీకెక్కారు, బిడ్డల పెళ్ళిళ్ళు చేశారు. రాత్రిపూట ఆ లోహపు వాల్వు టిక్కుటిక్కుమంటుంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం.

ఆ వాల్వు పతనం సాయంత్రపు జ్వరంతో మొదలవుతుంది. సన్నగా చలి, తెల్లవారుజామున చెమట, అన్నం సయించదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ సూది వేస్తాడు. నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. టైఫాయిడ్ అంటారు, మలేరియా అంటారు, ఇంకో కోర్సు రాస్తారు. ఈలోగా వాల్వు కుట్ల చుట్టూ క్రిములు జిగురుపొర కట్టుకుంటాయి. దాన్ని దాటి మందు లోపలికి సరిగా పోదు. చివరికి పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కు పంపితే ఏమీ పెరగదు. అంతకుముందు పడ్డ సూదులే ఆనవాలు చెరిపేశాయి.

కొన్ని అరుదైన క్రిములు సూది పడకపోయినా తేలిగ్గా చిక్కవు. బ్రూసెల్లా కాచని పాలతోనో, ఈనిన గొర్రె మాయను చేత్తో తీస్తేనో ఒంట్లో చేరుతుంది. కల్చర్‌లో మెల్లగా పెరుగుతుంది. కాక్సియెల్లా మామూలు కల్చర్‌లో అసలే పెరగదు, యాంటీబాడీ పరీక్షతో పట్టుకోవాలి. "ఇంట్ల గొర్లున్నయా?" అని అడిగే డాక్టరు దొరకడం అదృష్టం.

వీటికి మందుల్లేక కాదు. బ్రూసెల్లాకు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, తొలి వారాల్లో జెంటామైసిన్. చాలామందికి వాల్వు మార్చక తప్పదు. రిఫాంపిసిన్ మొదలైతే లోహపు వాల్వు ఉన్నవాళ్ళు వేసుకునే, రక్తాన్ని పలచబరిచే ఎసిట్రోమ్ పనితనం పడిపోతుంది, ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష చూస్తూ మోతాదు సవరించాలి. కాక్సియెల్లాకైతే డాక్సీసైక్లిన్‌తో హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి దాదాపు రెండేళ్ళు. డాక్సీసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో అది బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన గుండె ఆగిపోయింది.

మందు వెనక తెలుగువాడు ఉన్నాడు. అది వేళకు అందక పోయేదీ తెలుగువాడే. ఆలస్యమైతే కుట్లు వదిలి రక్తం వెనక్కి కారుతుంది. ఊడిన ముక్క మెదడుకు పోతే కాలూచేయీ పడిపోతాయి. రెండో ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదు. అన్నేళ్ళ ధైర్యం కొన్ని నెలల్లో కూలిపోతుంది.

మంచిర్యాలలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, జ్వరమొస్తే ముందు అక్కడికి పోవచ్చు. వాల్వు వేయించుకున్నవాళ్ళకు ఒక్క మాట: జ్వరమొస్తే సూదికి చేయి చాపకముందే వాల్వు సంగతి చెప్పండి, ఇంట్లో గొర్లుంటే అదీ చెప్పండి. యాంటీబయాటిక్ పడకముందే రక్తం కల్చర్‌కు తీయమని గట్టిగా అడగండి.