అస్థికలు దొరకని తల్లి

పేతురు అస్థికలు తన దగ్గరే ఉన్నాయంటుంది రోము. యాకోబు సమాధి చూడటానికి జనం ఈనాటికీ స్పెయిన్‌లోని సాంతియాగోకు వందల మైళ్లు నడిచిపోతారు. తోమా సమాధి మన మైలాపూరులోనే ఉందని నమ్మకం. మధ్యయుగాల్లో పునీతుల ఎముకలంటే ఊరికి పేరూ, రాబడీ. వాటి కోసం బేరాలు జరిగాయి, దొంగతనాలూ జరిగాయి. అలాంటి కాలంలో కూడా మరియమాత దేహం మా ఊళ్లో ఉందని చెప్పుకుని ఏ మహానగరమూ నిలబడలేదు. ఇటలీలోని ప్రాతో ఆమె నడికట్టును చూపించింది, ఫ్రాన్సులోని షార్త్ర్ ఆమె వస్త్రాన్ని చూపించింది. అంతవరకే. ఆమె దేహం మట్టిలో లేదన్న నమ్మకం అప్పటికే అంతగా నాటుకుపోయింది.

ఆ నమ్మకానికి మూలం రెండో శతాబ్దపు ఒక తగువులో ఉంది. దేహం హీనమైనది, దేవుడికి దానితో ఏం పని అనేవాళ్లు అప్పుడు బలంగా ఉండేవారు. వాళ్లలో వాలెంటీనస్ అనే బోధకుడి శిష్యుల దృష్టిలో క్రీస్తు మరియలోంచి వచ్చింది గొట్టంలోంచి నీళ్లు వచ్చినట్టే, ఆమెనుంచి ఆయన తీసుకున్నదేమీ లేదు. మార్సియన్ అయితే క్రీస్తుకు పుట్టుకే లేదన్నాడు. వీళ్లకు జవాబుగా కార్తేజివాడైన తెర్తుల్లియన్ ‘క్రీస్తు దేహం’ గురించి ఒక గ్రంథమే రాశాడు. అందులో గర్భాన్నీ, నెత్తురునూ, పురిటినొప్పులనూ దాపరికం లేకుండా వర్ణించాడు. మనిషిని ప్రేమించినవాడు మనిషి పుట్టే తీరును అసహ్యించుకోడన్నది ఆయన వాదన. దేవుడు నిజంగా మనిషయ్యాడనడానికి ఒక స్త్రీ గర్భమే సాక్ష్యమైంది. మరియ గురించి శ్రీసభ తరువాత చెప్పినదంతా ఇక్కడినుంచే పెరిగిందని నా అభిప్రాయం.

431లో ఎఫెసు మహాసభ ఆమెను దేవమాతగా ప్రకటించింది. ఆ బిరుదును అభ్యంతరపెట్టిన కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి నెస్టోరియస్ పదవి పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి ఊరి జనం దివిటీలు పట్టుకుని బిషప్పులను బసలదాకా సాగనంపారని అలెగ్జాండ్రియా సిరిల్ తన లేఖలో రాసుకున్నాడు. ఆమె అంతిమ ఘడియల సంగతి మాత్రం ఎవరికీ తెలియదని నాలుగో శతాబ్దంలోనే ఎపిఫానియస్ ఒప్పుకున్నాడు. ఆ ఘడియల గురించిన కథలు ఆ తరువాత పుట్టాయి, వాటి వెంట ఆమె పరలోక ప్రయాణాన్ని తలచుకునే పండుగ వచ్చింది. ఆరో శతాబ్దం చివర మారిస్ చక్రవర్తి దాన్ని ఆగస్టు 15న జరపాలని నిర్ణయించాడు. ఎనిమిదో శతాబ్దంలో దమస్కు యోహాను తన ప్రసంగాల్లో, సృష్టికర్తను మోసిన దేహం కుళ్లిపోవడం తగదని వాదించాడు.

ఈ చరిత్రకు రెండో ముఖమూ ఉంది, దాన్ని దాటేసిపోతే అన్యాయం. 393లో జెరోము, జోవినియన్ అనే సన్యాసి మీద ఒక ఖండన గ్రంథం రాశాడు. కన్యాత్వానికీ సంసారానికీ దేవుడి ముందు ఒకటే విలువ అన్నది జోవినియన్ నేరం. జెరోము కన్యాత్వాన్ని పొగిడే ఊపులో వివాహాన్ని ఎంత కించపరిచాడంటే, రోములోని ఆయన మిత్రులే ఇబ్బందిపడ్డారు. దేహం పవిత్రమని చాటడానికి నిలబెట్టిన మరియతల్లినే, ఆమె కన్యాత్వాన్ని ఆదర్శంగా చూపి, పిల్లల్ని కన్న మామూలు తల్లుల్ని ఒక మెట్టు కింద నిలబెట్టడానికి వాడుకున్నారు. శతాబ్దాలపాటు ఇది సాగింది.

పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలో రోములో కరవాజ్జో మరియ మరణాన్ని చిత్రించాడు. ఎర్రని దుస్తుల్లో వాలిపోయిన శవం, ఉబ్బిన పొట్ట, కట్టుతప్పిన జుట్టు, బట్ట కప్పని పాదాలు. పక్కన రాగి పళ్లెం, దాని మీదికి వంగి ఏడుస్తున్న మగ్దల మరియ. దేవదూతలు లేరు, మేఘాలు లేవు. ఆ బొమ్మ ఎవరి గుడి కోసం గీశాడో ఆ కార్మెలైట్ సన్యాసులు దాన్ని గుడిలో పెట్టుకోలేదు. చిత్రకారుడు రూబెన్స్ సలహాతో మాంటువా ప్రభువు దాన్ని కొన్నాడు, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. సన్యాసుల బాధ నాకు అర్థమవుతుంది కానీ, సిద్ధాంతానికి దగ్గరగా ఉన్నది ఆ బొమ్మేనని నమ్ముతాను. మహిమకు చేరిన దేహం అలసిన, నొప్పులు పడిన ఈ దేహమే కాకపోతే ఆ నమ్మకానికి అర్థమేముంది?

పన్నెండవ భక్తినాథ పోపు 1946లో ప్రపంచంలోని బిషప్పులందరినీ అడిగి, 1950 నవంబరు 1న మరియమాత మోక్షారోపణాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించాడు. ఆమె మరణించిందా లేదా అన్నది అందులో తేల్చలేదు. భూలోక జీవితం ముగిశాక దేహాత్మలతో మహిమకు చేరిందని మాత్రమే చెప్పారు. ఆ ఏడాది సంగతి చూడండి. నాజీ శిబిరాల్లో మనుషుల్ని లక్షల్లో కాల్చి బూడిద చేసి అయిదేళ్లే అయింది. మనిషి ప్రాణం ఎంత చవకైపోయిందో ఆ ప్రకటనే ప్రస్తావించి, మన దేహాలకు ఎంత గొప్ప గమ్యముందో లోకం గుర్తిస్తుందని ఆశపడింది. సంస్కరణ సంఘ పాస్టరు కొడుకైన మనస్తత్వవేత్త యూంగ్, లూథర్ కాలం తరువాత మతరంగంలో ఇంత ముఖ్యమైన సంఘటన లేదన్నాడు.

1965లో రెండవ వాటికన్ మహాసభ, మనిషి తన దేహాన్ని తృణీకరించకూడదని సూటిగానే చెప్పింది. రెండవ జాన్ పాల్ పోపు 1979 నుంచి 1984 దాకా తన బుధవారపు ప్రసంగాల్లో దేహం గురించే, దాంపత్యం గురించే మాట్లాడాడు. లూర్దుమాత పండుగైన ఫిబ్రవరి 11ను 1992లో రోగుల దినంగా నిర్ణయించిందీ ఆయనే. మన గుణదల మాత ఉత్సవాల్లో ప్రధానమైన రోజు కూడా అదే. స్త్రీల గౌరవం మీద ఆయన రాసిన లేఖ 1988 ఆగస్టు 15న, సరిగ్గా మోక్షారోపణ పండుగనాడు వెలువడింది. అయినా పెళ్లాడి, పిల్లల్ని కని, పాలిచ్చి పెంచిన స్త్రీలలో పునీతులుగా ప్రకటించినవారు ఇప్పటికీ తక్కువే. జెరోము పెట్టిన మెట్టును శ్రీసభ ఇంకా పూర్తిగా తీసెయ్యలేదు.