ఏకదశ పునర్వినియోగ రాకెట్లు: పెట్టుబడి, విపణి (1991–2001)

ఉపోద్ఘాతం

ఒకే దశతో కక్ష్యను చేరి, తిరిగివచ్చి, మళ్ళీ ఎగరగల రాకెట్‌ను నిర్మించే ప్రయత్నం 1990వ దశకంలో అమెరికాలో ముమ్మరంగా సాగింది. అది ఫలించకపోవడానికి సాంకేతిక కారణాలనే ప్రధానంగా పేర్కొంటారు. ఇటువంటి వాహనం బరువులో సుమారు పదింట తొమ్మిది వంతులు ఇంధనం, ఆక్సీకరణులే కనుక ఆ వాదనలో బలముంది. అయితే ధనాన్ని ఎవరు, ఏ ఆశతో సమకూర్చారన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. రెండు ప్రణాళికల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

రక్షణ నిధులు: డీసీ-ఎక్స్

క్షిపణి రక్షణ కోసం ఏర్పడిన ఎస్.డి.ఐ.ఓ. సంస్థ 1991లో సుమారు 6 కోట్ల డాలర్ల వ్యయంతో డీసీ-ఎక్స్ నిర్మాణాన్ని మెక్‌డొనెల్ డగ్లస్‌కు అప్పగించింది. ఇది కక్ష్యకు వెళ్ళే వాహనం కాదు. నిలువుగా లేచి నిలువుగా దిగడాన్ని, స్వల్ప సిబ్బందితో త్వరగా మళ్ళీ ఎగరడాన్ని పరీక్షించే నమూనా. 1993 ఆగస్టు 18న న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో తొలిసారి ఎగిరింది. ఇక్కడ విపణి ప్రసక్తి లేదు; ధనం పూర్తిగా ప్రభుత్వానిదే. పని వేగంగా సాగడానికి అది తోడ్పడింది. ప్రచ్ఛన్నయుద్ధానంతరం రక్షణ ప్రాధాన్యాలు మారగానే నిధులు కరవవడానికీ అదే కారణమైంది. అనంతరం నాసా చేపట్టిన ఈ వాహనం 1996 జూలై 31న నేలకు దిగినప్పుడు ఒక కాలు తెరుచుకోక ఒరిగిపోయి దగ్ధమైంది.

వాణిజ్య అంచనాలు: ఎక్స్-33

1996 జూలైలో నాసా ఎక్స్-33 నిర్మాణానికి లాక్‌హీడ్ మార్టిన్‌ను ఎంపిక చేసింది. ఎక్స్-33 కక్ష్యను చేరని ప్రయోగ నమూనా మాత్రమే. దాని ఆధారంగా రూపొందవలసిన వెంచర్‌స్టార్‌కు ప్రైవేటు పెట్టుబడి రావాలని భావించారు. పౌండు బరువును కక్ష్యకు చేర్చే ఖర్చును 10,000 డాలర్ల నుంచి 1,000 డాలర్లకు తగ్గించడం లక్ష్యం. అయితే పునర్వినియోగ వాహనపు స్థిరవ్యయం తరచుగా ఎగిరినప్పుడే గిట్టుబాటవుతుంది. నాడు ప్రపంచమంతటా ఏటా జరిగే ప్రయోగాలు వందకు లోపే. అందువల్ల ఆశలన్నీ రాబోయే ఉపగ్రహ సముదాయాలపై నిలిచాయి. 1994లో టెలిడెసిక్ 840 ఉపగ్రహాలను ప్రతిపాదించింది. 1998 నవంబరులో ఇరిడియం 66 ఉపగ్రహాలతో సేవలు ప్రారంభించింది.

అంచనాలు తలకిందులవడానికి ఎంతో కాలం పట్టలేదు. 1999 ఆగస్టులో ఇరిడియం దివాలా ప్రకటించింది. మూడు నెలలకే, నవంబరులో, ఎక్స్-33 ద్రవ హైడ్రోజన్ ట్యాంకు పరీక్షలో విఫలమైంది. ట్యాంకును మళ్ళీ రూపొందించడం అసాధ్యమేమీ కాదు. కానీ వెంచర్‌స్టార్‌కు విపణి సన్నగిల్లిన వేళ అదనపు వ్యయానికి సంస్థకు ప్రేరణ తగ్గింది. నాసా 91.2 కోట్లు, పరిశ్రమ 35.7 కోట్ల డాలర్లు వెచ్చించిన తరువాత 2001 మార్చిలో ప్రణాళిక రద్దయింది.

ముగింపు

రవాణా చౌకైతే విపణి పెరుగుతుంది. విపణి కనిపిస్తేనే చౌక రవాణాకు పెట్టుబడి వస్తుంది. డీసీ-ఎక్స్ ప్రభుత్వ ధనంతో ఈ చిక్కును తప్పించుకొంది గాని, ప్రభుత్వ ప్రాధాన్యాలకు లోబడింది. ఎక్స్-33 ఆ చిక్కును అంచనాలతో దాటబోయింది. ట్యాంకు వైఫల్యం తక్షణ కారణమే. అయితే దాన్ని సరిదిద్దే ఓపిక పెట్టుబడికి లేకపోవడమే మూలకారణమని ఈ పరిశీలన సూచిస్తోంది.