సైకిలుకి స్ప్రింగులొచ్చిన కథ

ముందుగా నేను చేసిన ఓ తెలివితక్కువ పని చెప్పేస్తాను. నా దగ్గరో పాత మౌంటెన్ బైకు ఉండేది. వెనక సస్పెన్షన్ లేదు, ముందు మాత్రం 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు. అది పీకించి 140ది వేయించాను. పొడుగెక్కువైతే మంచిదేగా అన్నాడు కొట్టువాడు, నేనూ నిజమే కదా అనుకున్నా. ఆ రోజు నుంచి ఎత్తెక్కుతుంటే ముందు చక్రం తాగినవాడిలా అటూ ఇటూ పోయేది. నెల తిరక్కుండానే హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట సన్నటి పగులు కనబడింది. అదే దిగేటప్పుడు విరిగుంటే ఇవాళ ఈ రాత రాసేవాణ్ణి కాదేమో!

ఇప్పుడు ఫుల్ సస్పెన్షన్ బైకు కొందామని స్ప్రెడ్‌షీట్ వేసుక్కూర్చుంటే ఒక్కో కంపెనీది ఒక్కో మంత్రం. హార్స్ట్ లింక్ అని ఒకరు, వీపీపీ అని ఒకరు, డీడబ్ల్యూ లింక్ అని ఇంకొకరు. మూడు వేల డాలర్ల వ్యవహారం. "కారు కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు" అని మా ఆవిడ. మన జబ్బు తెలిసిందేగా, కోడు అర్థంకాకపోతే ఏ లైను ఎవరు ఎందుకు రాశారో పాత లాగ్ తవ్వుతాం. ఇక్కడా అదే చేశాను.

నేనుండే ఫ్రీమాంట్‌కి ఫేర్‌ఫాక్స్ ఊరు గంట పైచిలుకు డ్రైవు. ఆ ఊరి పక్క కొండ మీదే 1976 అక్టోబరు 21న మొదటి "రీప్యాక్" పందెం జరిగింది. రెండు మైళ్ళ చిల్లర మట్టిదారిలో దాదాపు 1300 అడుగులు కిందికి దిగాలి. 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికొచ్చేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్ళీ గ్రీజు కూరాలి కాబట్టి ఆ పేరన్నమాట. ఆ పందేల్లో దిగిన జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ వాళ్ళ స్టంప్‌జంపర్‌తో ఇది ఫ్యాక్టరీ సరుకైపోయింది. కానీ వీటిలో దేనికీ స్ప్రింగు లేదు. కుదుపంతా టైర్లూ, మోచేతులూ, మోకాళ్ళే మింగాలి.

మోటార్‌సైకిల్ రేసుల నుంచి వచ్చిన పాల్ టర్నర్ 1987లో లాంగ్ బీచ్ ప్రదర్శనలో ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిలు చూపించాడు. 1989లో స్టీవ్ సైమన్స్‌తో కలిసి రాక్‌షాక్స్ పెట్టాడు. వాళ్ళ మొదటి ఫోర్కు ఆర్ఎస్-1 రెండంగుళాలు కూడా కుంగదు. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగితే, గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే డౌన్‌హిల్ గెలిచాడు. ఆ తర్వాత ఫోర్కు సంగతి ఎవరూ వాదించలేదు. 1997లో ఇటలీ వాళ్ళ మార్జోకి బాంబర్ జడ్1 వచ్చి 100 మిల్లీమీటర్లకు తీసుకెళ్ళింది. లోపల ఉక్కు స్ప్రింగు, గొట్టం నిండా నూనె. అంతకుముందు చాలా ఫోర్కుల్లో రబ్బరు లాంటి ముక్కలుండేవి, చలికి అవి బిగుసుకుపోయేవి.

ముందు భాగం తేలిగ్గానే తేలింది. అసలు తలనొప్పి వెనక. వెనక చక్రానికి చైనుంది, బ్రేకుంది. ఒకే కీలు మీద ఊగే బార్‌కి చక్రం తగిలిస్తే తొక్కినప్పుడల్లా సైకిలు గుంజీళ్ళు తీస్తుంది, బ్రేకు నొక్కితే సస్పెన్షన్ బిగుసుకుంటుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మోటోక్రాస్ మనిషి హార్స్ట్ లైట్నర్ ఏం చేశాడంటే, వెనక ఇరుసుకి కాస్త ముందు ఆ బార్‌లో ఇంకో కీలు పెట్టాడు. అంతే! బ్రేకు ప్రభావం చాలావరకు విడిపోయింది. దానికి అమెరికన్ పేటెంట్ తీసుకున్నాడు. 1998లో స్పెషలైజ్డ్ ఆ పేటెంట్లు కొనేసింది.

ఇక్కణ్ణుంచి కథ మనకి బాగా తెలిసిన కథే. లైసెన్సు కట్టడం ఇష్టంలేని వాళ్ళు వర్కరౌండ్లు రాశారు. కొందరు ఆ కీలు ఇరుసుకి పైన పెట్టారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, పనిచేసేది మాత్రం ఒంటి కీలులాగే. కొందరు సరిగ్గా ఇరుసు చుట్టూనే పెట్టారు. శాంటా క్రూజ్ వాళ్ళు వీపీపీ పేటెంట్లు కొనుక్కున్నారు, డేవ్ వీగల్ డీడబ్ల్యూ లింక్ తయారుచేశాడు. 2013 ప్రాంతంలో లైట్నర్ పేటెంట్ గడువు తీరాక, అంతదాకా వేరే దార్లు తొక్కిన కంపెనీలు కొన్ని ఎంచక్కా ఆ కీలు దగ్గరికే వచ్చేశాయి. మరి అన్నాళ్ళూ "మా పద్ధతే గొప్ప" అన్న బ్రోషర్ల మాటేమిటి?

పేటెంట్ తప్పని నేననను. కష్టపడి కనిపెట్టినవాడికి డబ్బు రావాలి. ఆ గోడ అడ్డం ఉండబట్టే కొన్ని నిజంగా మంచి డిజైన్లూ పుట్టాయి. కానీ నా స్ప్రెడ్‌షీట్‌లో నేను సాంకేతిక తేడా అనుకుంటున్నదాంట్లో సగం, వకీళ్ళు గీసిన గీత. అందుకని లింకుల పేర్లున్న కాలమ్ మొత్తం డిలీట్ చేసేశాను. దాని బదులు బండి అడిగి తీసుకుని, గతుకుల్లో దిగుతూ బ్రేకు నొక్కి చూశాను, కూర్చుని ఎత్తు తొక్కి చూశాను. రెండే పరీక్షలు.

ఫోర్కు విషయంలో నా పగిలిన ఫ్రేము నేర్పిన పాఠం ఉండనే ఉంది. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడుగైతే హ్యాండిల్ గొట్టం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. నేను పెంచింది 40. చక్రం ముందుకు జరిగింది, ఫ్రేము మెడ మీద పట్టు పెరిగింది. కాబట్టి ఫ్రేము చేసినవాడు ఎంత పొడుగు దాకా ఒప్పుకుంటాడో అదే హద్దు. రెండోది బరువు. మనం కూర్చున్నప్పుడు ఫోర్కు తన ట్రావెల్‌లో 20 నుంచి 30 శాతం కుంగి ఉండాలి. గాలి ఫోర్కయితే పంపుతో సరిచేసుకోవచ్చు, ఉక్కు స్ప్రింగయితే స్ప్రింగే మార్చాలి. మూడోది నూనె పని. స్ప్రింగు కుదుపుని మింగుతుంది, తిరిగి మొహమ్మీదికి తన్నకుండా పట్టేది డాంపర్. అదనపు 20 మిల్లీమీటర్లకు పెట్టే డబ్బు మంచి డాంపర్‌కి పెట్టడం మేలు.

చివరికి 120 మిల్లీమీటర్ల మామూలు బైకు ఒకటి తీసుకున్నాను, దానితో వచ్చిన ఫోర్కుతోనే. పాత ఫ్రేము గరాజ్ గోడకి వేలాడుతోంది. పగులు ఉన్న వైపు బయటికి కనబడేలా పెట్టాను. పొడుగెక్కువైతే మంచిదేగా అనిపించినప్పుడల్లా ఓసారి చూసుకోవడానికి.